బారాత్ కుదుపు పోయింది: రాస్‌బెర్రీ పై 4తో నాలుగేళ్లు

టీవీలో వీడియో ఫైల్స్ చూడటానికి రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కొని నాలుగేళ్లు దాటింది. ర్యామ్ ఎంత, పోర్టులు ఎన్ని లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, అవి రాయను. నేను చెప్పాలనుకుంటున్నది దాంట్లో నడిచే కోడీ అనే వీడియో ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉన్న ఒక్క ఆప్షన్ గురించి. దాని పేరు ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’. అది మా ఇంట్లో రెండు నెలలు సాగిన గొడవని ఆపింది, పాపం ఒక వీడియోగ్రాఫర్‌కి రావలసిన బాకీ కూడా ఇప్పించింది.

మా చెల్లెలి పెళ్లి ఖమ్మంలో చేశాం. నెలన్నర తిప్పించుకున్నాక వీడియోగ్రాఫర్ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో నాలుగు గంటల ట్రెడిషనల్ వీడియో ఫుల్ హెచ్‌డీలో ఉంది, దాదాపు 36 జీబీ. దాంతో పాటు ఐదు నిమిషాల సినిమాటిక్, అది 4కెలో. అప్పట్లో మా టీవీకి ఒక ఆండ్రాయిడ్ బాక్స్ తగిలించి ఉండేది, పెన్‌డ్రైవ్ దానికే పెట్టి అందరం కూర్చున్నాం. జీలకర్ర బెల్లం బాగుంది, తలంబ్రాలు బాగున్నాయి, అవన్నీ స్టాండ్ మీద కెమెరా పెట్టి తీసినవే కదా. బారాత్ వచ్చేసరికి మొదలైంది. కెమెరా నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి తిరుగుతుంటే సీరియల్ లైట్లు ఒక్కొక్కటీ గెంతుతూ పోతున్నాయి, గుర్రం మీద మా బావగారు జారట్లేదు గానీ వెనకున్న ఇళ్లు జారుతున్నాయి. నాన్న ఒక్క నిమిషం చూసి “వీడికి చెయ్యి వణుకుతుందేమిట్రా, మిగతా డబ్బులు ఇవ్వకు” అన్నారు. అమ్మకి ఇవేవీ పట్టలేదు, అప్పగింతల దగ్గర ఎప్పటిలాగే ఏడ్చింది.

ఫోన్ చేస్తే వీడియోగ్రాఫర్ “మా సిస్టమ్‌లో బాగానే ఉంది సార్” అన్నాడు. వాళ్లు ఎప్పుడూ అనే మాటే కదా అని నేనూ నమ్మలేదు. పెన్‌డ్రైవ్ స్లో అనుకుని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను, అదే కుదుపు. ఫైల్ మరీ పెద్దదేమో అనుకుని లాప్‌టాప్‌ని రెండు రాత్రులు నడిపించి 9 జీబీకి కుదించాను. కుదుపు అలాగే ఉంది, పైపెచ్చు అమ్మ పట్టుచీర జరీ అంతా పసుపు పూసినట్టు అలుక్కుపోయింది. క్వాలిటీ పోకుండా చూడాలని మొదలుపెట్టి ఉన్న క్వాలిటీ నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. ఒరిజినల్ డిలీట్ చేయలేదు, అదొక్కటే బుద్ధిగా చేసిన పని.

అసలు సంగతి తెలిసింది టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కినప్పుడు. ఏ ఫైల్ పెట్టినా 60 హెర్ట్జ్ అనే చూపిస్తోంది, అంటే టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ వేస్తోంది. రిఫ్రెష్ రేట్ అంటే ఇదే. పెళ్లి వీడియోనేమో సెకనుకి 25 ఫ్రేములది, అంటే 25 బొమ్మలది. 60ని 25తో భాగిస్తే సమానంగా పోదు, కాబట్టి సెకనులో 15 ఫ్రేముల్ని రెండేసి సార్లు, 10 ఫ్రేముల్ని మూడేసి సార్లు చూపించి ఎలాగోలా 60 లెక్క సరిచేస్తుంది బాక్స్. మనుషులు నిలబడి ఉన్నంతసేపూ ఇది కనపడదు. కెమెరా పక్కకి తిరిగిందా, కొన్ని ఫ్రేములు ఎక్కువసేపు ఆగి కొన్ని తక్కువసేపు ఆగి కంటికి కుదుపులా తగులుతుంది. సినిమాల్లోనూ ఇదే తంతు, వాటివి 24 ఫ్రేములు కాబట్టి సగం రెండుసార్లు, సగం మూడుసార్లు. ఇంతకీ 25లో ఎందుకు తీశాడంటే మన కరెంటు 50 హెర్ట్జ్, ఫంక్షన్ హాలు లైట్ల మిణుకు వీడియోలో చారలుగా పడకుండా 25లోనో 50లోనో పెట్టుకుంటారు. అంటే అతను తన పని సరిగ్గానే చేశాడు. మేమే అతన్ని రెండు నెలలు తిట్టుకున్నాం.

అప్పుడు కొన్నాను ఈ రాస్‌బెర్రీ పైని. లిబ్రెఎలెక్ అని కోడీ ఒక్కటే నడిచే సిస్టమ్ వేశాను. తీరా పెళ్లి వీడియో పెడితే అదే కుదుపు! డబ్బులు తగలేశానని ఆ రాత్రి బాగా టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, నేను చెప్పిన ఆప్షన్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుందని. సెట్టింగ్స్‌లో ప్లేయర్, అందులో వీడియోస్, అక్కడ స్టార్ట్/స్టాప్ అని పెట్టి మళ్లీ ప్లే నొక్కితే స్క్రీన్ రెండు సెకన్లు నల్లబడింది, గుండె ఝల్లుమంది, తర్వాత బొమ్మ వచ్చింది. ఇన్ఫో నొక్కితే 50 హెర్ట్జ్. ప్రతి ఫ్రేమూ కచ్చితంగా రెండుసార్లు. బారాత్ నూనె మీద నడిచినట్టు వెళ్లింది. ఆ ఇరవై సెకన్లే ఓ పదిసార్లు వెనక్కి తిప్పి చూసుకుని ఉంటాను. నాన్న వచ్చి నిలబడి చూసి “చివరికి బాగు చేసి పంపాడన్నమాట” అన్నారు. ఫైల్ అదేనని నేనూ చెప్పలేదు. మర్నాడే మిగతా డబ్బులు వెళ్లిపోయాయి.

ఆ నల్లబడే రెండు సెకన్లలో వీడియో మొదటి మాటలు పోతుంటాయి. రిఫ్రెష్ రేట్ మారేటప్పుడు కాసేపు ఆగమనే సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని మూడు సెకన్లు పెట్టుకుంటే సరి. మెనూని 1080లోనే, అంటే ఫుల్ హెచ్‌డీలోనే ఉంచి 4కె మోడ్‌లని వైట్‌లిస్ట్‌లో (కోడీ వాడుకోవచ్చని మనం ఒప్పుకునే మోడ్‌ల జాబితాలో) టిక్ చేసుకోవాలి, లేకపోతే 4కె ఫైల్‌ని కూడా 1080కి దించేసి చూపిస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. నా టీవీలో పిక్చర్ సైజ్ కూడా మార్చాల్సి వచ్చింది, మొదట్లో అది నాలుగు అంచులూ కాస్త కత్తిరించి సాగదీసి చూపించేది. డీటీఎస్ అనే ఫార్మాట్‌లో సౌండ్ ఉన్న పాత ఫైల్స్ కొన్ని ఈ టీవీలో మూగగా ఆడతాయి, కోడీ అయితే ఆ శబ్దాన్ని తనే విప్పి టీవీకి పంపుతుంది.

ఇక తలనొప్పులు. మొదట్లో ఇంట్లో ఉన్న ఫోన్ చార్జర్ పెట్టాను, స్క్రీన్ మూలన మెరుపు గుర్తు వచ్చేది, అప్పుడప్పుడూ హార్డ్ డిస్క్ మాయమయ్యేది. కరెంటు చాలట్లేదని దానర్థం. దానికోసమే అమ్మే 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కొన్నాక ఆ గుర్తు మళ్లీ కనపడలేదు. వేసవిలో కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి సిస్టమ్ ఉన్న మెమరీ కార్డు ఒకసారి పూర్తిగా పాడైంది, మొత్తం మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఇప్పుడు బ్యాకప్ తీసి దాచుకుంటాను, టీవీ స్విచ్ బోర్డునీ ఇన్వర్టర్ లైన్‌లో కలిపించాను. ఇన్వర్టర్ లేనప్పటి ముచ్చట ఇంకోటి ఉంది: రాత్రి రెండింటికి కరెంటు రాగానే ఈ పై లేచి, హెచ్‌డీఎంఐ ద్వారా టీవీని కూడా లేపేది. చీకట్లో హాలంతా నీలంగా వెలిగితే అమ్మ దొంగలనుకుని అరిచింది. అదీ ఒక సెట్టింగే, ఆఫ్ చేశాను.

ఈ నాలుగేళ్లలో ఆఫీసులో ముగ్గురి చేత కొనిపించాను, “ఏ ఫైల్ అయినా ఆడుతుంది” అని గట్టిగా చెప్పి మరీ. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఆ ఐదు నిమిషాల 4కె సినిమాటిక్ ఉందన్నాను కదా, అది దీనిమీద నత్తలా పాకుతుంది. వీడియోని కుదించే పద్ధతుల్లో హెచ్.264 పాతది, హెచ్.265 కొత్తది. పై 4 చిప్ హెచ్.265 వీడియోని 4కె 60 ఫ్రేముల దాకా అవలీలగా ఆడిస్తుంది గానీ హెచ్.264ని 1080 దాకే తనంతట తాను విప్పుతుంది. సినిమాటిక్ 4కె, పైగా హెచ్.264. ఆ ముగ్గురిలో ఒకాయన ఫోన్‌తో తీసిన 4కె వీడియోలన్నీ హెచ్.264వే. “ఇదేనా మీరు చెప్పింది” అని అడిగితే టీ ఇప్పించి సర్దుకున్నాను.

ఇంకోటి చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. మా టీవీకి కూడా యూఎస్‌బీ పోర్టు ఉంది. బిగించేటప్పుడు గోడకి ఆనించేశారు, ఆ పోర్టులోకి చెయ్యి దూరదు, అందుకే మొదటి నుంచీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ సినిమాటిక్ పుణ్యమా అని ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, అట్లకాడ సాయంతో దూర్చి పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. సినిమాటిక్ పాలలా ఆడింది. అనుమానమొచ్చి బారాత్ కూడా పెట్టాను. అదీ కుదుపు లేకుండా ఆడింది. అంటే మొదటి రోజే ఆ వైరు కొనుంటే ఇంత కథ లేదు. టీవీ తన సొంత ప్లేయర్‌లో ఫ్రేముల లెక్క తనే చూసుకుంటోంది. మధ్యలో 60కి కట్టేసిన బాక్స్ పెట్టింది నేనే.

మరి ఇంకా ఈ రాస్‌బెర్రీ పై ఎందుకు వాడుతున్నానంటే, మా ఇంట్లో హార్డ్ డిస్క్ నిండా పిల్లల వీడియోలు, పాత డిస్కుల నుంచి తీసుకున్నవి, డీటీఎస్‌వి బోలెడు ఉన్నాయి, ఎక్కడ ఆపామో కోడీ గుర్తుపెట్టుకుంటుంది, అమ్మ టీవీ రిమోట్‌తోనే నడుపుతుంది. ఇవేవీ అక్కర్లేనివాళ్లు, ఓటీటీ మాత్రమే చూసేవాళ్లు దీని జోలికి వెళ్లకండి, రంగులు, వెలుగులు ఇంకా బాగా చూపించే డాల్బీ విజన్ కూడా రాదు. ముందు మీ టీవీ పోర్టులోనే పెట్టి చూడండి, కుదరకపోతే అప్పుడు ఆలోచించండి. అదీ సెట్టింగ్స్ తిప్పుతూ ఆదివారాలు గడపడం నాలాగా ఇష్టమైతేనే.

మొన్న చెల్లెలి సీమంతం అయింది. అదే వీడియోగ్రాఫర్. ఈసారి తెలివిగా ముందే “4కె ఇస్తే హెచ్.265లో ఇవ్వు” అని రెండుసార్లు చెప్పాను, “అలాగే సార్” అన్నాడు. పెన్‌డ్రైవ్ వచ్చింది. మళ్లీ హెచ్.264నే. ప్రస్తుతం అది టీవీ వెనక ఎక్స్‌టెన్షన్ వైరుకి వేలాడుతోంది.