ఫీల్డ్‌వర్క్: వారంలో రెండు రోజులా, వరసగా కొన్ని నెలలా?

సోషల్ వర్క్ చదివేవాళ్లకి పని నేర్పేది ఫీల్డే, అంటే సంస్థల్లో నిజమైన మనుషులతో చేసే పనే. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూకి (సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ) కనీసం 900 గంటల ఫీల్డ్ శిక్షణ తప్పనిసరి. ఆ గంటల్ని ఎలా పంచుతామన్నదే అసలు విషయం.

వారంలో రెండు రోజులు ఫీల్డ్, మిగతా రోజులు క్లాసు అనుకోండి. పొరపాటు వేడి మీద ఉండగానే దొరుకుతుంది. క్లయింటుతో జరిగిన సంభాషణని విద్యార్థి మాటకి మాట రాసి తెస్తారు. "ఆమె కళ్లనీళ్లు పెట్టుకోగానే నువ్వెందుకు మాట మార్చావు?" అని సూపర్‌వైజర్ అడుగుతారు. వచ్చే వారమే ఆ విద్యార్థి మౌనంగా కూర్చుని వినడం ప్రయత్నించవచ్చు. బోధనా అంతే. విద్యార్థి తల్లుల గ్రూపులో చెప్పింది ఎవరికీ ఎక్కకపోతే, పద్ధతి మార్చి మళ్లీ చెప్పే అవకాశం ఉంటుంది.

బ్లాక్ ప్లేస్‌మెంట్‌లో, అంటే వరసగా కొన్ని నెలలు ఫీల్డ్‌లోనే ఉండే పద్ధతిలో, అంత తీరిక దొరకదు. కానీ ఒక కేసు మొదటి నుంచి ముగింపు దాకా కళ్లముందే నడుస్తుంది, సిబ్బంది టెన్షన్‌తో సహా. రెండు రోజులే వెళ్లేవాళ్లకి అసలు సంక్షోభం తాము లేని రోజునే జరిగిపోతుంటుంది.

నా ఓటు మాత్రం మొదటి ఏడాది రెండు రోజుల పద్ధతికే. వినడం రాకముందే నెలల తరబడి పంపిస్తే, దిద్దుకునే తీరిక లేక తొందరపాటే అలవాటైపోతుంది. బ్లాక్ చివరి సెమిస్టర్‌లో పెట్టాలి.