బోన్సాయ్: గోడకు కన్నం పెట్టినా గోడ వివరాలు పోవు

బిమ్ (భవనాన్ని దాని సమాచారంతో సహా కంప్యూటర్‌లో 3డీ మోడల్‌గా కట్టడం) పని చేసేవాళ్లకు గోడ ఆకారం మార్చడం పెద్ద పని కాదు. మార్చాక ఆ గోడకు ఇచ్చిన సమాచారం ఉందా, ఎగిరిపోయిందా అన్నదే టెన్షన్. మామూలు సాలిడ్ మోడలింగ్‌లో రెండు సాలిడ్లను (నిండు 3డీ ఆకారాలను) యూనియన్ చేస్తే, అంటే కలిపేస్తే, ఒక్కటే మిగులుతుంది, రెండోదానికి ఎక్కించిన ఫైర్ రేటింగ్ (మంటను ఎంతసేపు తట్టుకుంటుందో), మెటీరియల్, ఐడీ దానితోపాటే పోతాయి. ఆ సమాచారం పోకుండా చూస్తుందన్న ఈ ఒక్క విషయం కోసమే నేను బోన్సాయ్‌ని గట్టిగా మెచ్చుకుంటున్నా.

ఇది బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో వాడే యాడాన్ (అదనపు టూల్), ఉచితం, ఓపెన్ సోర్స్. 2024లో పేరు మారకముందు దీన్నే బ్లెండర్‌బిమ్ అనేవాళ్లు. ఇక్కడ మోడల్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు అని ఉండదు, తెరిచేది ఐఎఫ్‌సీ (వేర్వేరు బిమ్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఓపెన్ ఫైల్ ఫార్మాట్), మార్చేది ఐఎఫ్‌సీ, సేవ్ అయ్యేదీ అదే.

డక్ట్ (ఏసీ గాలి గొట్టం) వెళ్లడానికి గోడలో కన్నం కావాలనుకోండి. ఒక పెట్టె ఆకారం అక్కడ పెట్టి, దాన్ని గోడకు ఓపెనింగ్‌గా ఇస్తే చాలు. తెర మీద గోడ తెగినట్టే కనిపిస్తుంది గానీ, ఫైల్‌లో గోడ అసలు సాలిడ్ అలాగే ఉంటుంది, ఓపెనింగ్ వేరే వస్తువుగా నమోదై గోడతో సంబంధం కలుపుకుంటుంది. అందుకే గోడకున్న 22 అక్షరాల గ్లోబల్ ఐడీ మారదు, ఫైర్ రేటింగ్, లోడ్ బేరింగ్ (బరువు మోసే గోడా కాదా) లాంటి ప్రాపర్టీలు కదలవు. రేపు ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) వాళ్లు డక్ట్ దారి మార్చారా, ఓపెనింగ్ తీసేయండి, గోడ మళ్లీ నిండుగా వచ్చేస్తుంది. ఆ ఐడీ ఎందుకంత ముఖ్యమంటే, బీసీఎఫ్ అనే ఫార్మాట్‌లో పంపుకునే క్లాష్ కామెంట్లు (ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్ల గురించి రాసేవి) గోడను గుర్తుపట్టేది దాంతోనే. ఐడీ మారితే కామెంట్ ఉంటుంది, అది చూపించే గోడ దొరకదు.

గోడను రెండుగా విడగొడితే మాత్రం ఒక ముక్కకు పాత ఐడీ, రెండోదానికి కొత్తది. అది సరైన పద్ధతే, ఒకే ఐడీ రెండింటికి ఉండకూడదు కదా.

జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, గోడను మెష్‌గా (మూలలు, ముఖాల వలగా) మార్చి బ్లెండర్ మామూలు టూల్స్‌తో మూలలు లాగితే ప్రాపర్టీలు ఉంటాయి గానీ గోడ ఆకారం ఉత్త ముఖాల సమూహంగా సేవ్ అవుతుంది. ఆ తర్వాత ఎత్తు, పొడవు అంకెలతో మార్చుకునే సౌకర్యం పోతుంది. వంకర ఆకారాలకు తప్ప ఆ దారి వద్దు.

ఇంకోటి, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. డేటా మిగలడం, డేటా సరిగ్గా ఉండడం ఒకటి కాదు. కన్నం పెట్టాక గోడలో ముందే రాసి ఉన్న నెట్ వాల్యూమ్ (కన్నాలు తీసేశాక మిగిలే ఘనపరిమాణం) పాత అంకెగానే ఉండిపోవచ్చు, క్వాంటిటీలు మళ్లీ లెక్క కట్టించాలి. అది చేయకుండా బీఓక్యూ (సామాన్ల పరిమాణాల, ఖర్చుల పట్టిక) తీస్తే లేని కాంక్రీటుకు డబ్బు లెక్కేసినట్టే.

నేర్చుకోవడం తేలిక కాదు, ఐఎఫ్‌సీ పదాలు తెలియకపోతే ప్యానెల్స్ అర్థం కావు, రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటైన చేతికి మొదట్లో చాలా విసుగొస్తుంది. ఉన్నది వదిలేసి దీనికి మారమని నేననను. కానీ హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ క్లయింట్లకు ఐఎఫ్‌సీ పంపే టీముల్లో ఒక్కరికైనా ఇది రావాలి. పంపేముందు ఫైల్ ఇందులో తెరిచి, ఈ వారం ఆకారం మారిన గోడల ఐడీలు, ఫైర్ రేటింగులు పాత ఫైల్‌తో పోల్చి చూడండి.