చలికాలం పగుళ్లకు ఇంట్లో చేసే బామ్: కొబ్బరినూనా, షియా బటరా, తేనెమైనమా?

చలి మొదలైతే చాలు, నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే: చేతులూ పెదాలూ పగిలిపోతున్నాయి, బామ్ ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నాం, దేంతో చేస్తే మంచిది? అడిగేవాళ్ల మనసులో ఎక్కువగా మూడు ఉంటాయి. ఒట్టి కొబ్బరినూనె రాసేసుకోవడం, ఆఫ్రికా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు షియా బటర్‌తో మెత్తగా చేసుకోవడం, తేనెమైనాన్ని నూనెలో కరిగించి గట్టి బామ్ చేసుకోవడం. మూడూ పనికొచ్చేవే. నా మొగ్గు మాత్రం తేనెమైనం వైపే.

రాసుకున్నది చర్మం మీద ఎంతసేపు నిలుస్తుందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఏ నూనెలో ఏ విటమిన్ ఉందన్నది ఆ తర్వాతి మాట. అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథులు ఉండవు. పెదాల మీద కూడా దాదాపు లేనట్టే. అందుకే చలిగాలి తగలగానే ముందు పగిలేవి ఇవే. ఏ నూనె అయినా, ఏ మైనం అయినా చర్మానికి కొత్తగా నీళ్లు ఇవ్వదు, ఉన్న తడిని బయటికి పోకుండా ఆపుతుంది. ఆ అడ్డు కాసేపట్లో తుడుచుకుపోతే ఎంత మంచి నూనె రాసుకున్నా వృథాయే. రోజంతా చేతులు కడుక్కునేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

కొబ్బరినూనె సంగతి చూద్దాం. సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి చలికాలంలో సీసాలో గడ్డకట్టి ఉంటుంది, అరచేతిలో వేసుకుంటే క్షణాల్లో కరిగిపోతుంది. రాసుకోవడానికి ఎంతో హాయి. కానీ అంత తేలిగ్గా కరిగేది అంతే తేలిగ్గా జారిపోతుంది, సగం బట్టలకే అంటుకుంటుంది. కాళ్లూ చేతులూ తెల్లగా పొట్టు లేస్తుంటే స్నానం కాగానే ఒంటికంతా పట్టించడానికి ఇది చాలు, బామ్ చేసే శ్రమే అక్కర్లేదు. పగిలిన వేళ్లకు, మడమలకు మాత్రం సరిపోదు. గడ్డకట్టినదాన్ని పగుళ్ల మీద నేరుగా రుద్దకండి, ముందు అరచేతిలో కరగనివ్వండి.

షియా బటర్ దీనికంటే మేలు. ఒంటి వేడికి మెత్తబడుతుంది, కొబ్బరినూనె కంటే చిక్కగా పట్టుకుంటుంది, పొడిబారి బిగుసుకుపోయిన చర్మం రాయగానే సాగినట్టు అనిపిస్తుంది. దాంతో వచ్చే చిక్కల్లా పలుకులే. కరిగించి మెల్లగా చల్లారనిస్తే అందులోని గట్టి కొవ్వులు ముందుగా గడ్డకట్టి ఇసుక రేణువుల్లా తేలతాయి. కరిగిన వెంటనే డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా చల్లార్చితే చాలావరకు నున్నగా వస్తుంది. మళ్లీ ఎక్కడైనా వేడి తగిలి కరిగి, తీరిగ్గా గట్టిపడిందంటే పలుకులు తిరిగొస్తాయి. చేతుల మీద అవి రుద్దగానే కరిగిపోతాయి గానీ, చిట్లిన పెదవి మీద గరుగ్గా తగిలితే ఓర్చుకోలేం.

ఇక తేనెమైనం. ఇది 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన చర్మం ఎప్పుడూ అంత వేడెక్కదు కాబట్టి రాసిన పొర కరిగి జారిపోకుండా మూతలా కూర్చుంటుంది. చేయి ఒకసారి కడిగినా కొంత మిగులుతుంది. ఒట్టి మైనం గీసినా రాదు, దానికి నూనె జత కావాలి. చేతులకైతే ఒక వంతు మైనానికి ఐదు వంతుల నూనె, మడమలకు నాలుగు, పెదాలకు మూడు. చెంచాలతో కొలిస్తే తేడా వస్తుంది, తురిమిన మైనం ఒకలా, పూసల్లా దొరికేది ఇంకోలా పడుతుంది. తూకం వేయండి. నేను చేతులకు చేసుకునేది 10 గ్రాముల మైనం, 40 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె, 10 గ్రాముల షియా బటర్ (ఇదీ నూనె లెక్కలోకే వస్తుంది).

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, బాగా కాగితే అంటుకునే ప్రమాదం ఉంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. డబ్బాల్లో పోసే ముందు ఒక చుక్క స్టీలు చెంచా మీద వేసి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, బొటనవేలితో నొక్కి చూడండి. వేలిముద్ర పడి, వేలు మెత్తగా జారితే సరిగ్గా కుదిరినట్టు. గోరు దిగకపోతే కొంచెం నూనె, జావగా ఉంటే కొంచెం మైనం కలిపి మళ్లీ కరిగించండి.

నూనె విషయంలో ఒక మాట. చాలామంది ఆలివ్ నూనె పోస్తారు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో ఆలివ్ నూనె చర్మం పై పొరను బలహీనపరిచిందనీ, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదనీ తేలింది. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండే లినోలియిక్ ఆమ్లం చర్మానికి మంచిది. అందుకే నేను మారాను. కొనేటప్పుడు హై ఓలియిక్ రకం కాకుండా చూసుకోండి, దాంట్లో ఈ ఆమ్లం తక్కువ. ఈ నూనె త్వరగా ముక్కిపోయిన వాసన కొడుతుంది కాబట్టి కొన్ని చుక్కల విటమిన్ ఇ కలపండి, చిన్న డబ్బాలే చేసుకోండి.

మిగతావి క్లుప్తంగా. కోకో బటర్ వాసన బాగుంటుంది గానీ ఒక్కదాన్నే వాడితే పెళుసు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ పెదాలకు చాలా మంచిది, కొందరికి పడదు, ముందు మోచేతి మడతలో రాసి చూడండి. తేనెటీగల నుంచి వచ్చేది వద్దనుకుంటే మొక్క నుంచి తీసే కాండెలిల్లా మైనం ఉంది, తేనెమైనం కొలతలో సగం చాలు. పెట్రోలియం జెల్లీ సహజమైనది కాకపోయినా, తడిని ఆపడంలో వీటన్నిటికంటే ముందుంటుంది, ఆ మాట దాచకూడదు.

కలబంద గుజ్జు, పన్నీరు, తేనె కలపాలని చాలామందికి ఉంటుంది. కలపకండి. నూనెతో అవి కలిసి నిలవవు, పైగా నీరు చేరితే బూజు పడుతుంది, విటమిన్ ఇ దాన్ని ఆపలేదు. కర్పూరం, పుదీనా తైలం పగిలిన చోట భగ్గుమంటాయి. నిమ్మతైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవచ్చు. నెత్తురు వచ్చేంత లోతైన పగుళ్లకు, చీము పట్టినవాటికి డాక్టరే దిక్కు, బామ్ కాదు.

ఏది చేసుకున్నా చేతులు కడిగి, పైపైన అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాసుకోండి.