మేనల్లుడికి గుడారం: ఒంటి పొరదా, రెండు పొరలదా, ఇంట్లోని బరకమా?

మా మేనల్లుడు చదువు ముగించినప్పటి నుంచి స్నేహితులతో బండి మీద చలికాలంలో మారేడుమిల్లికి, మిగతా రోజుల్లో అంతర్వేది సముద్రపు ఒడ్డుకు తిరగడం మరిగాడు. వాడి పుట్టినరోజుకు గుడారం కొనాలనుకుని, ఐదు వేలు దాటకూడదని హద్దు పెట్టుకున్నాను. అమలాపురంలో టెంటు కావాలని అడిగితే పెళ్లి ఎప్పుడని అడుగుతారు కనుక ఆన్‌లైన్‌లోనే వెతికాను. ఆ హద్దులో మూడు దారులు కనిపించాయి: చేతిలోంచి వదలగానే దానంతటదే విచ్చుకునే ఒంటి పొర గుడారం, లోపల దోమజాలీ గది ఉండి పైన వేరుగా వానగుడ్డ కప్పే రెండు పొరల గుడారం, కల్లంలో ధాన్యం మీద కప్పే మన బరకం.

ఒంటి పొర గుడారం అన్నిటికన్నా చవక, వేయడానికి నిమిషం చాలు. అయితే రెండేళ్ల కిందట అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు అటువంటి దానిలోనే ముగ్గురం పడుకున్నాం. మాఘమాసం, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా తెల్లవారేసరికి పైకప్పు నుంచి బొట్లు రాలుతున్నాయి, గోడకు ఆనిన నా దుప్పటి అంచు పిండితే నీళ్లు కారేటంతగా తడిసింది. కుట్లు కారాయని అమ్మినవాణ్ని తిట్టుకున్నాను గాని, వాన పడనిదే కుట్లు ఎలా కారతాయి? ముగ్గురి ఊపిరిలోని ఆవిరీ, కింది నేల చెమ్మా రాత్రి చల్లబడిన గుడ్డకు తగిలి నీరుగా మారాయి. కాలువలు, వరిచేలు, చెరువులు, సముద్రం నాలుగు వైపులా ఉన్న మన డెల్టాలో గాలి ఏ ఋతువులోనూ పొడిగా ఉండదు. కిటికీ తెరిస్తే దోమలు, మూస్తే ఆవిరి. కనుక ఇక్కడ గుడారం కొనేవారు పైనుంచి పడే నీటి గురించి ఎంత ఆలోచిస్తారో, లోపల పుట్టే నీటి గురించి అంతకన్నా ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం.

రెండు పొరల గుడారంలో ఆవిరి జాలీ గుండా బయటికి పోయి పై గుడ్డకు పడుతుంది, అక్కడి నుంచి అంచుల వెంట కిందికి జారుతుంది. మనిషికి, తడిసిన గుడ్డకు మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. జిప్పు వేస్తే దోమతెర వేరే అక్కరలేదు. నేల మీద పడుకున్నవారి పక్కలోకి రాత్రిళ్లు చేరే కట్లపాము భయం మన లంకల్లో ఊహ కాదు కాబట్టి, కింది గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండడం నాకు పెద్ద విషయంగా తోచింది. లోపాలు లేకపోలేదు: ఊచలు గుచ్చి నిలబెట్టడానికి కొత్తవారికి పావుగంట పడుతుంది, చాలా రకాల్లో లోపలి గదిని ముందు నిలబెట్టాలి గనుక వానలో వేస్తే అదే ముందు తడుస్తుంది. ఈ ధరలో వచ్చేవి ఫైబర్‌గ్లాస్ ఊచలు. అవి అల్యూమినియం కన్నా బరువు, విరిగితే నిలువునా చీలతాయి.

అమ్మకపు పేజీల్లో మిల్లీమీటర్ల అంకె ఒకటి ఉంటుంది. గుడ్డ మీద నీటిని నిలబెట్టి పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు దగ్గర అవతలికి ఊరడం మొదలవుతుందో ఆ ఎత్తే అది. 1500 ఉంటే నీరు దిగనిదిగా లెక్కిస్తారు; మన వర్షాలకు పైగుడ్డ 2000 నుంచి 3000 వరకు ఉండడం మంచిది, మోకాలు, మోచెయ్యి అదిమే కింది గుడ్డకు ఇంకా ఎక్కువ కావాలి. అంకె ఎంత పెద్దదైనా కుట్ల మీద లోపలివైపు పట్టీ అతికి లేకపోతే సూది దిగిన ప్రతి రంధ్రమూ కారుతుంది.

ఇక బరకం. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న 150 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 150 గ్రాములు) బరకం రెండున్నర కిలోలు తూగుతుంది, అంటే ఇద్దరు పడుకునే గుడారమంతే బరువు. రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు లాగి దాని మీద వేస్తే ఎంత వానైనా ఆగుతుంది, గాలి ఆడుతుంది కనుక చెమ్మ పట్టదు. వరదలొచ్చినప్పుడు ఏటిగట్ల మీద జనం తలదాచుకునేది దీని కిందే. కానీ దోమనూ పామునూ ఆపలేదు, చెట్లు లేని ఇసుకలో నిలబడదు. పైగా పుట్టినరోజుకు బరకం ఇస్తే మా అక్క నన్ను బతకనివ్వదు.

అందుకే రెండు పొరల పాలిస్టర్ గుడారం తీసుకున్నాను. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకూ మెరుగ్గా తట్టుకుంటుంది. ఇచ్చే ముందు పెరట్లో నిలబెట్టి, గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టి కుట్లు చూశాను. దానితో వచ్చిన సన్నటి ఇనుప మేకులు మాత్రం ఇసుకలోనూ, తడిసిన ఒండ్రులోనూ వేలితో లాగితే ఊడివచ్చేవే. సిమెంటు సంచిలో ఇసుక నింపి, మూతికి తాడు కట్టి, మూరెడు లోతున పాతితే మేకు కన్నా ఎన్నో రెట్లు పట్టు ఉంటుందని నాలుగు ఖాళీ సంచులు కూడా కట్టలో పెట్టాను. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ఇది పనికిరాదని, 1996 నవంబరు 6 నాటి గాలివానకు కోనసీమలో కొబ్బరిచెట్లే నిలవలేదని వాడికి ముందే చెప్పాను.

తడిగా చుట్టి అటక మీద పడేస్తే, లోపలి పాలీయురేథేన్ పూత బంకలా మారి పొరలుగా ఊడిపోతుంది, కాబట్టి ఇంటికి రాగానే నీడన ఆరవేయాలి. మిగిలిన డబ్బుతో గుడారం కింద పరవడానికి చిన్న బరకం ముక్క కొన్నాను. దాని అంచు గుడారం దాటి బయటికి వస్తే పడిన వానంతా పళ్లెంలా పట్టి పక్క కిందికి చేరుస్తుంది గనుక, నాలుగు వైపులా బెత్తెడు చొప్పున తగ్గించి కత్తిరించాను. "ఇదేంటి మావయ్యా, కురచైపోయింది" అన్నాడు వాడు.