ఎయిర్ బైపాస్ రోడ్డు షాపులో ఆలివ్ ఆయిల్, రోజ్‌మెరీ

తిరుపతిలో ఇంట్లోనే రోజ్‌మెరీ (మంచి వాసనుండే ఒక విదేశీ ఆకు) వాసన పట్టించిన ఆలివ్ ఆయిల్ చేసుకోవాలనుకునేవాళ్ళకి ఈ షాపు సరుకు చాలా బాగుండాది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆయిల్ (రిఫైన్ చేయని మేలురకం ఆలివ్ నూనె) ముదురు రంగు గాజు సీసాలో ఇస్తారు, వెలుగు తగిలితే నూనె తొందరగా పాడవుతుంది కదా, అదే తీసుకోండి. ఎండు రోజ్‌మెరీ పొడి కాకుండా సూదుల్లా ఆకులు ఆకులుగానే ఉంది, వేళ్ళతో నలిపితే వాసన గుప్పుమంటుంది. సన్న మంట మీద నూనె వెచ్చబెట్టి, పొగ మాత్రం రానీకండి, స్టవ్ ఆపేసి ఆకు వేసి మూత పెడితే చల్లారేలోపు వాసన బాగా దిగుతుంది, తర్వాత వడకట్టుకోవడమే. రేటు ఎక్కువే గానీ దోసె మీదికి కొంచెం చాలు. పచ్చి వెల్లుల్లి వేసి మాత్రం బయట పెట్టకండి, నూనెలో గాలి ఆడదు కాబట్టి బొటులిజం విషం (ప్రాణం మీదికి తెచ్చే బ్యాక్టీరియా విషం) తయారయ్యే ప్రమాదం ఉంది, ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లోపు వాడేయండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టినా భయం లేదు, బయట పెడితే కరుగుతుంది.