పదేళ్ల డీటీపీ కంప్యూటరు: బాగు చేయించడమా, బోర్డు మార్చడమా, ఆఫీసు పాత సరుకు కొనడమా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు నిలిపివేసినప్పటి నుంచి, చిన్న డీటీపీ సెంటర్లు నడిపేవారు అడిగే ప్రశ్న ఒకటే: ఉన్న కంప్యూటరును ఏం చేయాలి? వాళ్ల బల్ల మీద ఉన్నది దాదాపు ఒకే రకం యంత్రం. ఇంటెల్ నాలుగో జనరేషన్ ఐ5, అంటే 4460 లాంటిది. హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2014, 15 ప్రాంతంలో అసెంబుల్ చేయించినది. అందులో పేజ్‌మేకర్, కోరల్ డ్రా, ఫొటోషాప్, వాటన్నింటికీ తెలుగు నేర్పే అను స్క్రిప్ట్ మేనేజర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, మధ్యలో ఆన్‌లైన్ దరఖాస్తులు. ఉదయం స్విచ్ వేసి టీ తాగి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ యంత్రానికి మూడు దారులున్నాయి. ఉన్నదానిలోనే ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్‌కు బదులు చిప్‌లతో పనిచేసే డిస్క్), ర్యామ్ వేయించుకోవడం ఒకటి. క్యాబినెట్ ఉంచుకుని బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కొత్తవి పెట్టించడం రెండోది. కంపెనీలు వాడి వదిలేసిన ఎనిమిదో జనరేషన్ ఆఫీసు డెస్క్‌టాప్ కొనడం మూడోది. ధరలు వారానికో రకంగా ఉన్నాయి కాబట్టి రూపాయల్లో చెప్పి లాభం లేదు. మొదటి దారి ఖర్చును ఒక వంతు అనుకుంటే, మూడోది సుమారు మూడు నాలుగు వంతులు, రెండోది అంతకంటే ఎక్కువ అవుతుందని లెక్క వేసుకోవచ్చు. అంగట్లో అడిగి మీ అంకెలు మీరు వేసుకోండి.

ముందు అసలు జబ్బు ఎక్కడుందో చూడాలి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి. నూటికి తొంభై యంత్రాల్లో ప్రాసెసర్ ఇరవై ముప్ఫై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం వంద శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. అంటే నెమ్మదికి కారణం పాత ప్రాసెసర్ కాదు, తిరిగే డిస్క్.

కారణం లెక్కలోనే ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ సరైన చోటికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీ సెకన్లు. అన్నీ కలిపితే సెకనుకు డెబ్బై ఎనభై చిన్న ఫైళ్లకు మించి చదవలేదు. విండోస్ లేవాలంటే వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. సాటా కేబులుతో బోర్డుకు తగిలించే మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు పదుల వేల చిన్న ఫైళ్లను చదవగలదు. పెద్ద ఫైలు కాపీ చేస్తే తేడా నాలుగైదు రెట్లు కనిపిస్తుంది, కానీ రోజువారీ పనిలో మనిషికి తెలిసే తేడా ఈ చిన్న ఫైళ్ల దగ్గరిది. కోరల్ డ్రా తెరిచేటప్పుడు వందల ఫాంట్లను ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోవడం చూసినవారికి దీని అర్థం వేరుగా చెప్పక్కరలేదు.

అందుకే మొదటి దారిని తక్కువగా చూడకూడదు. హెచ్81 బోర్డులో నాలుగు సాటా పోర్టులుంటాయి. రెండు 6 గిగాబిట్లవి, రెండు 3 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీని 6 గిగాబిట్ల దానికే తగిలించమని దగ్గరుండి చెప్పండి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గుచ్చి పంపించేవాళ్లు ఉన్నారు. బయోస్‌లో (యంత్రం లేచేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఎస్‌ఎస్‌డీకి తగిన ఏహెచ్‌సీఐ మోడ్ ఉందో లేదో కూడా చూడమనండి. ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, 16 జీబీ దాకా పడుతుంది, ఈ పనులకు 8 జీబీ చాలు. డీడీఆర్3 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, ఈ పాత రకాన్ని ఇప్పుడు ఎవరూ ఎగబడి కొనడం లేదు. ఆ చేత్తోనే ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించండి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా. ఆ బ్యాటరీ అయిపోతే యంత్రం తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజరు సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు. "నెట్ పనిచేయడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఆ చిన్న బిళ్ల.

ఇంత చేసినా తీరని సమస్య ఒకటుంది. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచే మొదలవుతుంది. దానితోపాటు టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (యంత్రం లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) కావాలి. నాలుగో జనరేషన్‌కు ఆ తలుపు మూసే ఉంది. అడ్డదారిలో ఎక్కించే చిట్కాలు ఉన్నాయి, సర్వీసు సెంటర్లు చేసి ఇస్తాయి కూడా. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఇంట్లో పిల్లలు పాఠాలు చూసుకునే కంప్యూటరైతే నేను పెద్దగా పట్టించుకోను. ఊరి జనం ఆధార్, పాన్ కాపీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చే యంత్రానికి మాత్రం ఆ పని చేయించను. విండోస్ 10కు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే చేరవచ్చు. కానీ అది ఇంటి వాడకందారుల కోసం పెట్టినది, ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. ఊపిరి తీసుకోవడానికి సమయం దొరుకుతుంది, అంతే.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ సంగతి అడుగుతారు. దరఖాస్తులు నింపడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి, బ్రౌజరుకు అది హాయిగా సరిపోతుంది, ఈ పాత ఐ5 మీద చక్కగా పరుగెత్తుతుంది. అయితే డీటీపీ సెంటరు బతుకంతా పేజ్‌మేకర్, అను మీద ఉంది. వాటిని లైనక్స్‌లో రోజంతా నమ్ముకుని పనిచేయలేం. అను పాత ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిదైన యూనికోడ్ పద్ధతివి కావు, పదిహేనేళ్ల ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అడోబీ దాన్ని ఆ తర్వాత ముందుకు తీసుకుపోలేదు. అడోబీదే మరో పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ దాకానే పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచింది. ఈ చిక్కు ఏ దారిలో వెళ్లినా వెంట వస్తుంది కాబట్టి మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రెండో దారి చూడటానికి అందంగా ఉంటుంది. ఐ3-12100, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్, బోర్డు మీదే గుచ్చే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఐ3 అని చిన్నచూపు వద్దు. ఈ ఐ3లో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). పాత ఐ5ను అది అన్ని విధాలా దాటిపోతుంది, ఎనిమిదో జనరేషన్ ఐ5ను కూడా. ఏఎండీ వైపు రైజెన్ 5 5600జీ ఆరు కోర్లతో, విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేకుండా వస్తుంది. వారంటీ ఉంటుంది, విండోస్ 11 దర్జాగా ఎక్కుతుంది.

చిక్కల్లా ర్యామ్ దగ్గర. పాత డీడీఆర్3 ముక్కలు కొత్త బోర్డులో పట్టవు, గాడి కూడా వేరే చోట ఉంటుంది. కొత్తది కొనాల్సిందే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ప్రపంచంలో ఈ చిప్‌లు ఎక్కువగా చేసేది మూడు కంపెనీలే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు అడిగినంత ధర ఇచ్చి సరుకు ఎత్తుకుపోతుంటే, మన బల్ల మీది కంప్యూటరు వరుసలో వెనక్కి పోయింది. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది కూడా. డీడీఆర్4 పాతది కాబట్టి చౌకగా ఉంటుందనుకోవడానికీ లేదు, దాని తయారీని కంపెనీలు తగ్గించుకుంటూ వస్తున్నాయి. ఒకప్పుడు సెట్టు బిల్లులో ర్యామ్ చివరి చిన్న పద్దు. ఇప్పుడు ప్రాసెసరుతో పోటీ పడే పద్దు. రెండేళ్ల క్రితమైతే నేను కళ్లు మూసుకుని ఈ దారే చూపించేవాణ్ణి.

పాత క్యాబినెట్ ఉంచుకుంటే డబ్బు మిగులుతుందన్న ఆశలోనూ కొంత మోసం ఉంది. క్యాబినెట్‌తోపాటు పాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కూడా ఉండిపోతుంది. పదేళ్లు ఎండాకాలపు హెచ్చుతగ్గుల కరెంటును మింగిన ఆ పెట్టెకు కొత్త బోర్డును అప్పగించడం నాకు ఇష్టం ఉండదు. దాన్నీ మార్చాలి. మీది అసెంబుల్డ్ కాకుండా డెల్, హెచ్‌పీ వంటి బ్రాండెడ్ యంత్రమైతే మరీ కష్టం. ఆప్టిప్లెక్స్ 3020 వంటి వాటిలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టరు మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. చిన్న సైజు పెట్టెలో మార్కెట్ బోర్డు కూర్చోదు. చివరికి క్యాబినెట్ కూడా కొత్తదే అవుతుంది.

మూడో దారి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, డీటీపీ సెంటరుకు నేను సూచించేది ఇదే కాబట్టి. ఐటీ కంపెనీలు, బ్యాంకులు, బీపీవోలు కొన్నేళ్లకోసారి డెస్క్‌టాప్‌లను మూకుమ్మడిగా మారుస్తాయి. ఆ సరుకు శుభ్రం చేయించుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ వంటి చోట్లకు, అక్కడి నుంచి జిల్లా కేంద్రాల దుకాణాలకు చేరుతుంది. డెల్ ఆప్టిప్లెక్స్ 5060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 వంటివి. వీటిలో తరచు కనిపించే ఐ5-8500కు ఆరు కోర్లు. విండోస్ 11కు అధికారికంగా అర్హత ఉంది. ఆఫీసు యంత్రాలు కాబట్టి సాధారణంగా ఏసీ గదుల్లో, మంచి యూపీఎస్ మీద నడిచినవే. అన్నింటికంటే ముఖ్యం, ర్యామ్ లోపలే ఉంటుంది. బయట అంత ధర పలికే డీడీఆర్4 ఆ పెట్టె ధరలో కలిసి వస్తుంది. రెండో దారిలో ఏది భారమయిందో మూడో దారిలో అదే లాభమయింది.

మోసాలు లేవని కాదు. "ఐ5 సార్, విండోస్ 11 వేసి ఇస్తాం" అన్న మాట విని డబ్బు ఇవ్వకండి. ఐ5 తర్వాత వచ్చే నాలుగంకెల సంఖ్యలో మొదటి అంకె జనరేషన్. 6500 ఆరోది, 7500 ఏడోది. పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి, అడ్డదారి విండోస్ 11 కూడా వాటిలో నడుస్తుంది. విండోస్ 11కు అర్హత ఉందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్‌ను దుకాణంలోనే నడిపి చూడండి, రెండు నిమిషాల పని. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అందులో ఊరూ పేరూ లేని ఎస్‌ఎస్‌డీ కనిపిస్తే, తేడా డబ్బు ఇచ్చి పేరున్నది వేయించుకోండి. బయోస్‌ను మీ ఎదుట తెరిపించండి. పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉంటే రేపు మీకు తలనొప్పి. బిల్లు, కనీసం కొన్ని నెలల దుకాణం వారంటీ రాతలో తీసుకోండి.

సన్నని పెట్టెల కంటే టవర్ దొరికితే టవర్ మేలు. సన్నని దాంట్లో పొట్టి గ్రాఫిక్స్ కార్డే పడుతుంది. రెండు సైజుల్లోనూ ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ ప్రత్యేకమైనదే. అది పోతే వీధి చివర దుకాణంలో దొరకదు, తెప్పించుకోవాలి. ఈ ఒక్క విషయంలో రెండో దారిదే పైచేయి, దానికి ఏ భాగమైనా ఎక్కడైనా దొరుకుతుంది.

మరి రెండో దారి ఎవరికి? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి, పెద్ద ఫ్లెక్సీల ఫైళ్లతో కుస్తీ పట్టేవారికి, రాబోయే ఏడెనిమిదేళ్లు మళ్లీ ఈ తలనొప్పి వద్దనుకునేవారికి. వాళ్ల దగ్గర అదనపు వేగం డబ్బుగా మారుతుంది. పెళ్లి కార్డుల పేజ్‌మేకర్‌కు ఆ వేగం కనిపించను కూడా కనిపించదు. 2001 నాటి సాఫ్ట్‌వేర్ అన్ని కోర్లను ఏం చేసుకుంటుంది?

ఏ దారి పట్టినా పాత సాఫ్ట్‌వేర్‌ను ముందు పరీక్షించండి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్లది, 16 బిట్ల కాలపు ప్రోగ్రాములు అందులో నడవనే నడవవు. పాత సీడీల్లోని కొన్ని ఇన్‌స్టాలర్లు అక్కడే ఆగిపోవచ్చు. పాత లేజర్ ప్రింటరుకు డ్రైవరు, డాట్ మ్యాట్రిక్స్‌కు ప్యారలల్ పోర్టు, అనుకు లైసెన్సు తాళం ఉంటే దానికి తగిన పోర్టు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆఫీసు డెస్క్‌టాప్ కొనేముందు మీ ఇన్‌స్టాలర్లు, ప్రింటరు కేబులు పట్టుకుని దుకాణానికి వెళ్లినా తప్పులేదు.

నేను చేయించే ఏర్పాటు ఇది. ఎనిమిదో జనరేషన్ ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి కొని ఇంటర్నెట్, దరఖాస్తులు, కొత్త పనులు దాని మీద పెట్టడం. పాత యంత్రానికి చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, నెట్ కేబులు పీకేసి, పేజ్‌మేకర్‌కు, పాత ఫైళ్లకు వదిలేయడం. నెట్ లేని విండోస్ 10కు గడువు తీరినా భయం చాలా తక్కువ. ఇక బయటి నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌ల మీదే కన్ను వేసి ఉంచాలి, వాటిని ముందు కొత్త యంత్రంలో స్కాన్ చేసిన తర్వాతే ఇటు తేవాలి. ఒకేసారి రెండూ పెట్టుకోలేనివారు ఎస్‌ఎస్‌డీతో మొదలుపెట్టవచ్చు. రేపు యంత్రం మారినా ఆ ఎస్‌ఎస్‌డీ అందులోకి వెళ్తుంది, పెట్టిన డబ్బు ఎటూ పోదు.

ఈ మార్పులన్నీ ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకోండి, అప్పుడు కార్డుల ఆర్డర్లు ఉండవు. శ్రావణం ముందు వారం విండోస్ మార్చబోయి ఫాంట్లు కనిపించక కూర్చున్న సెంటర్లను చూశాను. తీసిన హార్డ్ డిస్క్‌ను మాత్రం పాత సామాను కింద అమ్మకండి. ఫైళ్లన్నీ కొత్త చోటికి చేరాయని తేలేదాకా అదే మీ బ్యాకప్. ఆ తర్వాత కూడా అందులో ఊరందరి ఆధార్ కాపీలు ఉంటాయి, పూర్తిగా తుడిపించాకే అది గడప దాటాలి.