దూడ తండ్రి పేరు రాసిపెట్టే సంఘం: మూడేళ్ల సభ్యత్వం తర్వాత నా సమీక్ష

కోటబొమ్మాళి, టెక్కలి మధ్య ఉన్న మా పల్లెల్లో పశువును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, నడక చూస్తాం, సుడులు కూడా చూస్తాం. దాని తండ్రి ఏ ఆబోతు అని మాత్రం అడగం, అడిగినా చెప్పగలిగేవారు ఉండరు. ఆరేళ్ల కిందట నారాయణవలస సంతలో నేను ఒంగోలు పోలికలున్న ఏడాది పెయ్యను కొన్నప్పుడు, అమ్మిన రైతుకు దాని గురించి తెలిసిందల్లా అది తన సాలలోనే పుట్టిందన్న సంగతి ఒక్కటే. మూపురం, గంగడోలు చూసి మంచి జాతి అనుకుని తోలుకొచ్చిన ఆ పెయ్య నాలుగేళ్లు నిండేదాకా ఎదకు రాలేదు. వచ్చాక రెండుసార్లు సూది, అంటే కృత్రిమ గర్భధారణ, వేయించినా చూడి నిలవక తిరగబొర్లి మళ్లీ ఎదకు వచ్చింది. ఆ విసుగులో ఉండగా మా మేనమామ చెప్పిన మాట మీద మా ప్రాంతపు పశుపోషకుల సంఘంలో చేరాను. మూడేళ్లు గడిచాయి కాబట్టి, చేరాలా వద్దా అని నన్ను అడుగుతున్న వారందరికీ ఒకేచోట జవాబు చెప్పినట్టు ఉంటుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ సంఘం ఆస్పత్రి కాదు, పాల కేంద్రమూ కాదు. పది పన్నెండు మంది రైతులు తలా కొంత వేసుకుని ఒక మంచి ఒంగోలు ఆబోతును తెచ్చుకుని, దాని మేపును వంతులవారీగా పంచుకోవడంతో మొదలైంది. పూర్వం గ్రామదేవత పేరున అచ్చు వేసి వదిలిన ఆబోతు ఊరందరి పొలాల్లోనూ మేసి ఊరందరి ఆవులనూ దాటేది. ఆ ఏర్పాటు పోయిన తర్వాత ఏర్పడిన లోటును వీరు తమ చేతనైన రీతిలో పూడ్చుకున్నారు. అయితే ఒకే ఆబోతు అన్ని ఆవులనూ దాటితే, ఒక ఆవుకున్న జబ్బు దాని ద్వారా మిగతా వాటికి అంటుకుని, చూడి పశువులు నెలలు నిండకుండానే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. ఒక ఏడాది అటువంటి నష్టం చూశాక ఆబోతును ఆపి, ఆబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ ఉంచే ద్రవ నత్రజని క్యాను కొని, సూది వేయడంలో శిక్షణ పొందిన ఒక కుర్రవాడిని నియమించుకున్నారు. ఇప్పుడు మూడు మండలాల రైతులు సభ్యులుగా ఉన్నారు.

సూది వేసే సేవ గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దానికోసమే చేరుతున్నారు. మా ఆవు మూడోసారి ఎదకు వచ్చిన రోజు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి, "రాత్రంతా అరుస్తోంది, తీగ కూడా వేసింది, కబురు పెట్టు" అంది. నేను ఫోన్ చేస్తే కుర్రవాడు వెంటనే బయలుదేరలేదు. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం వేయాలని చెప్పి, అయిదు గంటలకు వచ్చాడు. అంతకుముందు రెండుసార్లూ ఎద కనబడిన గంటలోపే సూది వేయించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చూడి నిలవకపోవడానికి అదొక్కటే కారణమని నేను అనలేను గానీ, అండం విడుదలయ్యే వేళకు దగ్గరగా వేయడంలో ఎంత తేడా ఉంటుందో నాకు ఎవరూ అంతవరకు చెప్పలేదు.

అతను పనిచేసిన తీరు దగ్గరుండి చూశాను. మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండే క్యాను మూత తీసి, పొగలాంటి ఆవిరి మధ్య నుంచి పటకారుతో ఆబోతు వీర్యం నింపిన పావు మిల్లీలీటరు స్ట్రాను తీసి, ఫ్లాస్కులోని వేడినీళ్లలో వేశాడు. ఆ నీళ్లలో ముందే థర్మామీటరు పెట్టి 37 డిగ్రీలు ఉందని చూసుకున్నాడు. ముప్పై సెకన్లు గడియారం చూసి లెక్కపెట్టి, స్ట్రాను తుడిచి, దాని మీద అచ్చు వేసిన ఆబోతు నంబరును నాకు చదివి వినిపించి, ఆ తర్వాతే గన్నులో పెట్టాడు. బనీను జేబులో స్ట్రా పెట్టుకుని వచ్చి, అరచేతుల మధ్య రుద్ది వేసి వెళ్లిపోయేవారిని చూసిన కళ్లకు ఈ శ్రద్ధ చాలా పెద్దదిగా కనిపించింది. మూడో నెలలో వచ్చి చూడి పరీక్ష చేసి, నిలిచిందని చెప్పాడు. తొమ్మిది నెలలు దాటిన కొద్ది రోజులకు పెయ్య దూడ పుట్టింది. నిరుడు అదే ఆవుకు రెండో ఈతలో కోడె దూడ పుట్టింది.

అయినా, సూది ఒక్కదానికోసమే అయితే ఈ సంఘంలో చేరనక్కరలేదని నా అభిప్రాయం. ఆ సేవ రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకుల ద్వారా దాదాపు అంతటా దొరుకుతూనే ఉంది. సంఘం అసలు విలువ దాని ఆఫీసులో, పెంకుటింటి వసారాలో ఒక ఇనప బీరువాలో ఉంది. అది పొడుగాటి అట్టబైండు పుస్తకం. ప్రతి ఆడ పశువుకూ ఒక పేజీ. పైన చెవిపోగు మీది పన్నెండంకెల నంబరు, దాని కింద తల్లి నంబరు, తండ్రి ఆబోతు నంబరు, పుట్టిన తేదీ, మొదటిసారి ఎదకు వచ్చిన తేదీ, ప్రతి సూది తేదీ, ఈనిన తేదీ, పదిహేను రోజులకొకసారి కొలిచిన పాలు. మా ఆవు పేజీలో తల్లి, తండ్రి గళ్లు రెండూ ఖాళీగా ఉన్నాయి. దాని పెయ్య పేజీలో రెండూ నిండి ఉన్నాయి. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

పుస్తకానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తున్నానో చెప్పాలంటే మన ఒంగోలు జాతి సంగతే ఎత్తాలి. ప్రకాశం, గుంటూరు, నెల్లూరు నేలల్లో దుక్కికీ, బండికీ పెంచుకున్న ఈ పశువులు బ్రెజిల్ చేరి, నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంసపు మందల్లో అధిక భాగమయ్యాయి. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరునే ధరించిన ఆబోతు 1960ల ఆరంభంలో అక్కడికి వెళ్లి, నేటి నెలోర్ వంశావళుల్లో మూలపురుషుల్లో ఒకటిగా నిలిచింది. అక్కడి వాతావరణం, మేత మన పశువులకు కలిసొచ్చిన మాట నిజమే. కానీ ఉబెరాబా పట్టణంలో 1934లో ఒక ప్రాంతీయ రైతు సంఘంగా మొదలైన సంస్థ 1938 నుంచి జెబు అని పిలిచే మూపురం జాతుల వంశావళి నమోదును చేపట్టి, 1967లో దేశమంతటి జెబు పశుపోషకుల సంఘంగా మారింది. తండ్రి తెలియని దూడకు ఆ పుస్తకంలో చోటు సులువుగా దొరకదు. అమెరికాలోనూ ఒంగోలు, గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ పశువుల రక్తం కలిపి తయారుచేసిన బ్రాహ్మన్ జాతికి 1924లోనే పెంపకందారుల సంఘం ఏర్పడింది. వారి గురి మాంసం మీద. మన రాష్ట్రంలో ఆవును వధించడం 1977 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం, మా రైతుల గురి పాల మీద, దుక్కిటెద్దు మీద. గురి వేరైనా లెక్క రాసే పద్ధతి మాత్రం ఒక్కటే. మన పశువుల వంశం మనకన్నా పరాయి దేశంలో పద్ధతిగా రాసి ఉండటం చూసినప్పుడు నాకు బాధగానే ఉంటుంది, అందుకే మా మండలంలో ఒక పెంకుటింట్లో ఇటువంటి పుస్తకం మొదలవడం నాకు గొప్ప విషయమనిపిస్తుంది.

ఇప్పుడు లోపాల దగ్గరకు వస్తాను. వీటిలో మొదటిది చాలా తీవ్రమైనది, దాన్ని దాచి మెచ్చుకోవడం న్యాయం కాదు. మా పెయ్యకు రెండేళ్లు నిండాయి. దాణా, పచ్చిగడ్డి బాగా పెట్టినందుకు గత నెలలో మొదటిసారి ఎదకు వచ్చింది. కుర్రవాడు సెలవులో ఉండి, మరొకరిని పంపారు. అతను ఫ్లాస్కులో స్ట్రా వేసి, నంబరు చదివాడు. ఆ నంబరు నాకు ఎక్కడో విన్నట్టు అనిపించి, గోడకు తగిలించిన, పశువు వివరాలున్న మా కార్డు తీసి చూస్తే అది ఆ పెయ్య తండ్రి నంబరే. తండ్రినే కూతురికి దాటించినట్టు అయ్యేది. అటువంటి కలయికలో పుట్టే దూడకు అంతఃప్రజనన గుణకం 25 శాతం అవుతుంది. అంటే ఇరువైపుల నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువులు జతగా చేరే అవకాశం నాలుగో వంతు. దూడ బలహీనంగా పుట్టడం, ఎదుగుదల మందగించడం, తర్వాత ఈతలు ఆలస్యమవడం వంటివి దాని ఫలితాలు. నేను వద్దన్నాను. కరిగించిన స్ట్రా మళ్లీ పనికిరాదు కాబట్టి అది పారేశారు, క్యానులో వేరే ఆబోతు స్ట్రా లేదు కాబట్టి ఆ ఎద వృథా అయింది.

స్ట్రా ధర పోయినందుకు కాదు నా బాధ. ఆ ప్రమాదాన్ని ఆపడానికే పుస్తకం ఉంది, అందులో ఆ సమాచారం స్పష్టంగా ఉంది, అయినా బయలుదేరే ముందు దాన్ని తెరిచి చూసినవారు లేరు. ఫిర్యాదు చేస్తే కార్యదర్శి గారు ఒప్పుకున్నారు, తప్పించుకునే మాట ఒక్కటీ అనలేదు. ఆ వారం నుంచి కబురు అందుకున్నవారే ముందు పశువు పేజీ తీసి, వాడకూడని ఆబోతుల నంబర్లను కుర్రవాడికి ఫోనులో చెప్పాలనే నియమం పెట్టారు. అయితే అసలు కారణం క్యానులో ఎప్పుడూ ఒకటి రెండు ఆబోతుల స్ట్రాలే ఉండటం. మూడేళ్లకొకసారి ఆబోతులను మార్చి, కనీసం నాలుగైదింటి స్ట్రాలను నిల్వ ఉంచకపోతే, ఈ రోజు నాకు జరిగింది రేపు ఏదో ఒక మూలనున్న, నంబరు చదవలేని రైతుకు జరుగుతుంది, అతనికి తెలియనైనా తెలియదు.

రెండో లోపం, కోడె దూడలను పుస్తకంలో ఎక్కించకపోవడం. పాలు ఇవ్వదు కదా అని వదిలేస్తున్నారు. మా పల్లెల్లో ఇప్పటికీ తడి దుక్కికి, కొండవాలు చిన్న కమతాలకు ఎద్దులు కావాలి. పైగా రేపటి ఆబోతు ఈ కోడెల్లోంచే రావాలి. అమెరికాలో మాంసపు పశువుల సంఘాలు ఆడ, మగ తేడా లేకుండా దూడల బరువును 205 రోజుల వయసుకు సవరించి నమోదు చేస్తాయి. మనకు కాటా లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి దానినే దానితో హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, మూడు వందలతో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. చుట్టుకొలత 50, పొడవు 45 అంగుళాలున్న దూడ 375 పౌండ్లు, అంటే సుమారు 170 కిలోలు తూగుతుందని అంచనా. మా కోడెను నేనే నెలకొకసారి ఇలా కొలిచి కార్డు వెనుక రాసుకుంటున్నాను. సంఘం ఈ పని చేపడితే అయిదేళ్లలో ఏ ఆబోతు దూడలు బాగా ఎదుగుతున్నాయో తేలిపోతుంది.

కనుమ మర్నాడు జరిపే దూడల పోటీ బాగుంటుంది, పిల్లలు దూడలను కడిగి, బొట్టు పెట్టి తోలుకొస్తారు. బహుమతిని మాత్రం అందం చూసి కాకుండా, తల్లి పాల లెక్క కూడా కలిపి నిర్ణయిస్తే బాగుండును. గాలికుంటు, గొంతువాపు టీకాల తేదీలను ఫోనులో గుర్తుచేస్తున్నారు. అమ్మకాల్లో సంఘం సాయం నామమాత్రమే. అయినా పేజీ నకలు చూపించి సంతలో పడ్డను అమ్మిన మా పక్కింటి రైతుకు, కాగితం లేని పక్క పడ్డ కంటే ఎక్కువ ధర పలకడం నేను కళ్లారా చూశాను.

ఒకటి రెండు పశువులు ఉండి, వాటి దూడలను ఇంట్లోనే ఉంచుకోవాలనుకునే రైతుకు ఈ సభ్యత్వాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఏడాదికి చెల్లించే రుసుము రెండు రోజుల కూలి డబ్బుకు మించదు. ఈనగానే దూడను అమ్మేసేవారికి, పాల కోసం జెర్సీ సంకరాలను కొని మార్చుకుంటూ ఉండేవారికి దీనివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. చేరేవారు మూడు పనులు తప్పక చేయాలి. కార్డును సాలలోనే కళ్లెదుట తగిలించుకోవాలి, స్ట్రా నంబరును స్వయంగా చదువుకోవాలి, చదవడం రాకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్లవాడిని పక్కన నిలబెట్టుకోవాలి.

గత నెల ఎద నుంచి ఇరవై ఒక్క రోజులు లెక్కేస్తే ఈ శనివారానికి మా పెయ్య మళ్లీ ఎదకు రావాలి. నిన్న ఆఫీసుకు వెళ్లి దాని పేజీ తీయించాను. తండ్రి నంబరు కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "ఈ నంబరు వాడరాదు" అని రాశారు. కొత్తగా తెప్పించిన రెండు ఆబోతుల స్ట్రాలు క్యానులో ఉన్నాయని కుర్రవాడు మూత తీసి నాకు చూపించాడు.